వెర్లిన్ గుడ్డలు, ఆర్డిస్ కర్టెన్లు

ఆర్డిస్ హెగ్లాండ్ మొదటి దొంగతనం చేసింది అత్తగారి మీద కోపంతో. అప్పటికి ఆ అత్తగారు పోయి చాలా కాలమైంది. అయినా ఆవిడ కర్టెన్లు మాత్రం ముందుగదిలో వేలాడుతూనే ఉన్నాయి. ముదురు వంకాయ రంగు, పైన కుచ్చులు, కింద బంగారు రంగు దారంతో అల్లిన అంచు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో దీపం వేసుకోవాలి.

"ఇక్కడ కూర్చుంటే శవపేటికలో కూర్చున్నట్టుంది," అనేది ఆర్డిస్.

"అవి మా అమ్మవి," అనేవాడు ఆమె భర్త వెర్లిన్. అక్కడితో మాట ఆగిపోయేది.

వెర్లిన్ మా ఊరు బ్లూ ఫోర్క్‌లో ఇళ్ళకు రంగులు వేసే మనిషి. విస్కాన్సిన్‌లో మా వైపు ఊళ్ళన్నిటిలోనూ అతనికి ఒకటే పేరు: గోడకు వేసిన రంగు గోడకే ఉంటుంది, నేలమీద చుక్క పడదు. ఆ పేరు నిలబెట్టింది సగం అతని చెయ్యి, సగం అతను నేలమీద పరిచే కాన్వాసు గుడ్డలు. అవి గోధుమపిండి రంగులో, దళసరిగా, మడత పెడితే నిటారుగా నిలబడేంత బిరుసుగా ఉంటాయి. వాటిని ట్రక్కు వెనక వరసగా పేర్చుకుని, ఏ గుడ్డ ఏ పనికి వాడాడో కూడా గుర్తుపెట్టుకునేవాడు.

ఒక వసంతకాలంలో ఆర్డిస్ అత్తగారి కర్టెన్లను దింపి, వేడినీళ్ళు పెట్టిన వాషింగ్ మెషిన్‌లో వేసింది. అవి నీళ్ళకు ఆగవని ఆమెకు బాగా తెలుసు. బయటికి తీసేసరికి చంటిపిల్ల గౌనంత అయ్యాయి. అద్దం ముందు నిలబడి "అయ్యో" అనడం కాసేపు అభ్యాసం చేసి, ఆ తర్వాతే మొగుడికి చూపించింది. ఈ సంగతి నాకు ఆమే చెప్పింది. నేను వాళ్ళ పక్కింటిదాన్ని. మా రెండిళ్ళ మధ్య ఒక లైలాక్ పొద తప్ప వేరే అడ్డం లేదు, ఆ పొద కూడా మాటలకు అడ్డం కాదు.

కిటికీలు బోసిపోయాయి. కొత్త కర్టెన్లు కొందామంటే వెర్లిన్ "చూద్దాం" అన్నాడు. అతని భాషలో చూద్దాం అంటే చూడను అని. మర్నాడు అతను భోజనానికి వచ్చి కునుకు తీస్తున్నప్పుడు ట్రక్కులోంచి రెండు కాన్వాసులు మా గ్యారేజీలోకి నడిచొచ్చాయి.

"కొరీన్, నీ దగ్గర పెద్ద తొట్టి ఉందిగా, దూడలకి నీళ్ళు పెట్టే ప్లాస్టిక్‌ది?" అంది ఆర్డిస్.

"ఉంది. వెర్లిన్‌కి తెలుసా?"

"తెలిస్తే ఇక్కడికెందుకు తెస్తాను?"

తొట్టి నిండా వేడినీళ్ళు పోసి, బ్లీచ్ కలిపి, గుడ్డ ముంచి, పాత పడవ తెడ్డుతో కలియబెట్టాం. ఆ ఘాటుకి గ్యారేజీ తలుపులు బార్లా తెరిచినా కళ్ళు మండాయి. మొదటి గుడ్డను నానబెట్టి కాఫీకి కూర్చుని, కబుర్లలో పడి మరిచిపోయాం. తీసి చూస్తే తడిసిన అప్పడంలా చేతుల్లోనే చిరిగింది. రెండోదాని దగ్గర నోళ్ళు మూసుకుని కాపలా కాశాం. పిండిరంగు పోయి మీగడ రంగు తేలగానే తీసి, వాసన వదిలేదాకా జాడించి, బ్లీచ్ దారాన్ని ఇంకా తినెయ్యకుండా మందుల షాపులో దొరికే పెరాక్సైడ్ నీళ్ళలో ఒకసారి ముంచి, ఎండలో ఆరేశాం. చలువ చేసిన ఆ గుడ్డ గాలికి ఊగుతుంటే అది నిన్నటిదాకా నేలమీద బూట్ల కింద పడి ఉన్నదంటే నమ్మబుద్ధి కాలేదు. ఆరేసరికి బిరుసు కూడా పోయి, బరువుగా, మెత్తగా జారింది.

ఆర్డిస్ వాళ్ళమ్మ నాటి ఇనప కుట్టుమిషన్‌కి జీన్స్ ప్యాంట్లు కుట్టే లావు సూది తగిలించి, మర్నాడు మధ్యాహ్నానికల్లా కర్టెన్లు కుట్టేసింది. అంచులు గుడ్డకి ముందే ఉన్నాయి కనుక సగం పని కలిసొచ్చింది.

వెర్లిన్ వాటి పక్కనే కూర్చుని చాలా రోజులు పేపరు చదువుకున్నాడు. వెలుతురు బాగా వస్తోందన్నాడు. ఓ సాయంత్రం పేపరు దించి, కర్టెన్ అంచు పట్టుకుని చూశాడు.

"ఈ ఆకుపచ్చ చర్చి నేలమాళిగది."

"ఏ ఆకుపచ్చ?"

"ఇదిగో, ఈ మూల చుక్క. నేను కలిపిన రంగే. చర్చివాళ్ళు పిప్పరమెంటు రంగన్నారు, పాస్టర్ గారి భార్య బఠాణీ రంగంది. చివరికి ఇది తేలింది."

"చర్చి రంగు మన కర్టెన్ మీదికెలా వస్తుందయ్యా?"

"నేనూ అదే అడుగుతున్నా."

"ముందు ఇది చెప్పు. బాగున్నాయా, లేవా?"

వెర్లిన్ అంచు వదిలి మళ్ళీ పేపరు ఎత్తాడు. "పర్లేదు," అన్నాడు.

మా వైపు మగవాళ్ళు పెళ్ళిలో పెళ్ళికూతుర్ని చూసి కూడా పర్లేదనే అంటారు. అంతకు మించిన మెప్పు వాళ్ళ దగ్గర లేదు. ఆర్డిస్ దాన్ని అనుమతి కింద జమకట్టింది.

ఆ వేసవిలో వాళ్ళింట్లో వస్తువులన్నీ ఒక్కొక్కటే మీగడ రంగు తొడుక్కున్నాయి. సోఫాకి తొడుగు, కుర్చీలకి దిండ్లు, భోజనాల బల్లకి గుడ్డ, స్నానాల గదిలో తెర. ఆర్డిస్ ప్యాంట్లన్నిటి మీదా బ్లీచ్ చిందిన తెల్లచుక్కలు పడ్డాయి. ఇల్లు నిండిపోయాక చెయ్యి ఊరుకోక, శనివారం సంతలో నా జామ్ సీసాల బల్ల పక్కన ఆమె కూడా బల్ల వేసింది.

ఇక్కడే సరస్సు ఒడ్డున పెద్ద ఇల్లు కొనుక్కున్న మిసెస్ ప్రూయిట్ వచ్చి పడింది. షికాగో నుంచి వచ్చిన మనిషి. వేళ్ళ కొసలతో గుడ్డని తాకి, కళ్ళు అరమూసి, "ఇది ఫ్రాన్స్‌ది కదూ? అక్కడి పల్లెటూరి నారబట్ట," అంది.

ఆర్డిస్ అవునని అనలేదు. ఆ మాటకు నేనే సాక్షిని. "మీరు చూడగానే పట్టేశారే," అంది, అంతే.

"ఈ మెత్తదనం ఎన్నో తరాలు ఉతికితే గాని రాదు."

"ఉతకడం మాత్రం చాలా ఉతికారండి," అంది ఆర్డిస్, తలవంచుకుని. నేను జామ్ సీసాలు సర్దుకునే వంకతో బల్ల కిందికి దూరాను.

మిసెస్ ప్రూయిట్ తన భోజనాల గదికి కర్టెన్లు పట్టుకెళ్ళింది. ఊరికే పట్టుకెళ్ళక, వచ్చిన చుట్టాలందరికీ ఫ్రాన్స్ కథ చెప్పింది. వాళ్ళలో కొందరు మా సంతకి వచ్చారు. ఆర్డిస్‌కి గుడ్డలు చాలడం లేదు. వెర్లిన్ కొత్తవి కొంటాడు, అవి మాయమవుతాయి. ట్రక్కుకి తాళం వేశాడు. రెండో తాళంచెవి ఎక్కడుందో ఆర్డిస్‌కి తెలుసు. ప్లాస్టిక్ పట్టాలు పరిచి చూశాడు. నిచ్చెన జారి, బ్రష్షు చేతపట్టుకుని నేలమీద చతికిలపడ్డాడు. ఆ తర్వాత ప్లాస్టిక్ జోలికి పోలేదు.

ఇలా ఉండగా మిసెస్ ప్రూయిట్ తన భోజనాల గదికి కొత్త రంగు వేయించాలనుకుంది. ఊళ్ళో ఇంకెవరున్నారు? వెర్లిన్‌నే పిలిచింది. ఆ రోజు అతను ట్రక్కు తెరిస్తే ఒకే ఒక్క కాన్వాసు మిగిలి ఉంది, అదీ చిన్నది. ఏం చేస్తాడు, దాన్నే నిచ్చెన కింద పరుచుకుని పని మొదలుపెట్టాడు. కిటికీకున్న కర్టెన్లని ఎగదీసి కట్టి ఉంచింది ఇంటావిడ.

"వాటి మీద చుక్క పడకూడదు. ఫ్రాన్స్ నుంచి వచ్చాయి," అంది.

వెర్లిన్ అటు చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. "చుక్కలు వాటికి అలవాటేనమ్మా," అని గొణిగి నిచ్చెన ఎక్కాడు. ఆవిడకి ఆ మాట వినబడలేదు.

సగం గోడ అయ్యాక నిచ్చెన మీది డబ్బా ఒరిగింది. నీలిరంగు అంచు దాటింది. కింద మెరుస్తున్న చెక్కనేల. చిన్న గుడ్డ అక్కడిదాకా లేదు. జీవితమంతా రంగులతో గడిపినవాడి చెయ్యి బుర్రని అడగదు. వెర్లిన్ చెయ్యి చాపి కర్టెన్‌ని ఒక్క లాగు లాగి, నేలమీద పరిచేశాడు. రంగంతా దానిమీదే పడింది. నేలమీద చుక్క లేదు.

అలికిడికి మిసెస్ ప్రూయిట్ వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. "అది," అంది, "అది ఫ్రాన్స్‌ది."

"కాదమ్మా. నాది."

"మీదేంటి?"

వెర్లిన్ వంగి అంచు తిప్పి చూపించాడు. "ఈ ఎర్రచుక్క టోలెఫ్సన్ వాళ్ళ పశువుల కొట్టం. ఈ పసుపు పోస్టాఫీసు. దీన్ని నేను పదిళ్ళల్లో పరిచాను. మా ఆవిడ బ్లీచ్‌లో ఉడకేసి మీకిచ్చింది."

అరుస్తుందనుకున్నాడు వెర్లిన్. ఆవిడ అరవలేదు. వెనక్కి తిరిగి, లోపల మొగుడు టీవీ చూస్తున్న గది తలుపు చప్పుడు కాకుండా మూసి వచ్చింది.

"ఇది ఇంకెవరికి తెలుసు?" అంది, గొంతు తగ్గించి.

"మా ఆవిడకి. పక్కింటి కొరీన్‌కి."

"అక్కడితో ఆగాలి. ఈ ఆదివారం షికాగో నుంచి నా స్నేహితురాళ్ళు భోజనానికి వస్తున్నారు. వాళ్ళకి ఫోన్లో ఈ కర్టెన్ల గురించే చెప్పాను. మీ ఆవిడతో చెప్పండి, శనివారానికల్లా అచ్చం ఇలాంటిదే ఇంకోటి కావాలి. చుక్కలు లేకుండా."

"దానికి ఇంకో గుడ్డ కావాలి కదమ్మా."

"మీ దగ్గర ఉన్నాయిగా."

వెర్లిన్ నిచ్చెన కింద పరిచిన ఆ ఆఖరి గుడ్డ వైపు చూశాడు. నిజం చెప్పి ఉన్నదొక్కటీ పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో అని తర్వాత కాఫీ హోటల్లో అందరికీ చెప్పుకున్నాడు. ఎవరింట్లో జరిగిందో మాత్రం చెప్పలేదు. ఆవిడ పెట్టిన ఆ నియమం పాటించాడు.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. రెండోసారి బంగాళాదుంపలు వడ్డించుకుంటూ అడిగాడు: "ఆర్డీ, కొరీన్ గ్యారేజీ నుంచి ఫ్రాన్స్ ఎంత దూరం?"

ఆర్డిస్ ఫోర్కు కింద పెట్టింది. "నేను ఫ్రాన్సని అనలేదు. కొరీన్‌ని అడుగు."

"కాదని కూడా అనలేదుగా."

"అంత సంబరంగా చెప్తున్న మనిషిని పట్టుకుని కాదంటే ఏం మర్యాదయ్యా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

మర్నాడు వెర్లిన్ కొత్త గుడ్డలు తెచ్చాడు. ఈసారి ఊరికే ఉంచలేదు. నల్లటి నూనెరంగు తీసుకుని, అడ్డంగా, జానెడు అక్షరాలతో రాశాడు: వెర్లిన్‌ది. ముట్టుకోవద్దు. బోర్డులు రాసిన చెయ్యి కనుక అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఇకెలా తీస్తుందో చూస్తానన్నట్టు ట్రక్కుకి తాళం కూడా వేయలేదు.

ఆర్డిస్ వాటిలో ఒకదాన్ని తెచ్చి తొట్టిలో పడేసింది. నూనెరంగు బ్లీచ్‌కి లొంగదు. నలుపు కాస్త బూడిదరంగుకి తిరిగిందంతే. ఆరాక తీగ మీద 'ముట్టుకోవద్దు' అని గాలికి ఊగుతోంది. ఆర్డిస్ దాన్ని తీగ మీంచి లాగింది. "పారేస్తానా ఏంటి," అంది. సరిగ్గా ఆ మాట మధ్యకి వచ్చేలా కత్తిరించి దిండు గలీబు కుట్టింది.

సంతలో అది బల్ల మీద పెట్టీ పెట్టగానే ఒక కుర్రజంట నవ్వుతూ పట్టుకుపోయింది. ఇంకోటుందా అని మరొకరు అడిగారు. 'వెర్లిన్‌ది' అన్న ముక్కని స్కూలు బస్సు నడిపే వెర్లిన్ ఓమన్ భార్య వాళ్ళాయన కుర్చీకని కొనుక్కుంది. ఆర్డిస్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పాలగిన్నె మీద మూత తీసి ఉండగా చూసిన పిల్లి చూపు.

ఆ రోజు నుంచి ఆమె గుడ్డలు దొంగిలించడం కన్నా మొగుడికి కోపం తెప్పించడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టింది. అతని కాఫీలో ఉప్పు పడేది. అతని చేపలు పట్టే టోపీ ఉతికి ఆరేసేది. దాన్ని ఉతికితే చేపలు పడవని అతని నమ్మకం. వెర్లిన్ నోరు మెదిపే రకం కాదు. కోపమంతా తీసుకెళ్ళి కాన్వాసు మీద రాసేవాడు. 'దొంగలున్నారు జాగ్రత్త.' 'ఈ ఇంట్లో ఏదీ ఉండదు.' 'నా టోపీ ఏది.' రాసిన ప్రతిదీ సంతలో అమ్ముడుపోయేది. 'నా టోపీ ఏది'ని నేనే నా వంటింటికి కొనుక్కున్నాను, అందుకు సిగ్గుపడను.

ఈ అమ్మకాల సంగతి అతనికి తెలిసింది శుక్రవారం చేపల విందులో. క్లబ్బులో వడ్డించే ముసలావిడ నడుముకి కట్టుకున్న ఏప్రన్ మీద 'దొంగలున్నారు జాగ్రత్త' అని తన చేతిరాత. వెర్లిన్ చేతిలోని ముక్క నోటి దగ్గరే ఆగింది. నెమ్మదిగా ఆర్డిస్ వైపు తిరిగాడు. ఆర్డిస్ నిమ్మకాయ పిండుకుంటోంది.

"నేను తిట్లు రాస్తుంటే నువ్వు కోసి అమ్ముకుంటున్నావా?"

"బాగా రాస్తావు, అది నా తప్పా? తిను, చల్లారిపోతుంది."

అతను తిన్నాడు. తింటూ నవ్వుకున్నాడు కూడా. వెర్లిన్ నవ్వితే భయపడాలని ఆర్డిస్‌కి అప్పటికింకా తెలియదు.

ఆ తర్వాతి సోమవారం ఆమె మా ఇంటి వెనక తలుపు తోసుకుని వచ్చింది, చంకలో ఒక కాన్వాసు. "కొరీన్, నూనెరంగు దేనికి పోతుంది?"

"దేనికీ పోదని నీకు తెలుసుగా. ఏం రాశాడు?"

చూపించనంది. లాక్కుని విప్పాను. గుడ్డ మధ్యలో ఇలా ఉంది: ఆర్డిస్ హెగ్లాండ్ అసలు వయసు. దాని కింద అంకె. అడ్డంగా, నిలువుగా, మూలమూలలా అదే మాట, అదే అంకె. ఎక్కడ కత్తెర పెట్టినా, దిండుకి కోసినా, ఏప్రన్‌కి కోసినా, అది రాక తప్పదు.

ఆ అంకె ఇక్కడ రాయను. ఆమె పక్కింట్లోనే బతకాలి నేను. ఇంత మాత్రం చెప్తాను. అన్నేళ్ళూ ఆమె నాకన్నా చిన్నదాన్నని చెప్పుకుంది. చర్చిలో ఇబ్బందికరమైన పని ఏదొచ్చినా "పెద్దదానివి, నువ్వు చెప్తేనే బావుంటుంది" అని నన్ను ముందుకి తోసింది. అదంతా పచ్చి అబద్ధం.

"అంటే పాస్టర్ గారి భార్య కేకు బాగాలేదని ఆవిడతో చెప్పాల్సింది నువ్వు," అన్నాను.

"ఇప్పుడదంతా ఎందుకే?"

"పెద్దదానివి, నువ్వు చెప్తేనే బావుంటుంది."

ఆమె కుర్చీలో కూలబడి, ముందు మూతి ముడిచి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. "వాడికింత తెలివి ఎక్కడిదే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పెళ్ళైనప్పటి నుంచి దాచుకున్నట్టున్నాడు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఓడిపోయిన బాధ లేదు. మొగుణ్ణి కొత్తగా చూసుకున్నట్టుంది.

ఆ సాయంత్రమే సంధి కుదిరింది. ఇకనుంచి ఆర్డిస్ తన గుడ్డలు తనే కొనుక్కుంటుంది. ట్రక్కు జోలికి పోదు. వెర్లిన్ వాన పడి పని లేని రోజుల్లో ఆమె అడిగిన మాటలు ఆమె గుడ్డల మీద రాసిపెడతాడు. తిట్లు మాత్రం తన ఇష్టం. మిసెస్ ప్రూయిట్‌కి కావలసినవి అక్షరాలు లేకుండా, చుక్కలు లేకుండా విడిగా కుట్టాలి. ఆవిడ ఇంటికి ఫ్రాన్స్ ఇంకా వస్తూనే ఉంది. పక్కగదికి కూడా తెప్పించుకుంది. సంతలో మా బల్లల ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆ అక్షరాల దిండ్ల వైపు మాత్రం పొరపాటున కూడా చూడదు.

ఇక ఆ వయసు గుడ్డ. పారేస్తే ఎవరైనా ఏరుకుంటారని ఆర్డిస్‌కి భయం. కాల్చడానికి మనసొప్పలేదు, మంచి గుడ్డ. చివరికి దానితో వెర్లిన్ పడక్కుర్చీకి తొడుగు కుట్టింది. రాత ఉన్న ముక్కల్లో ఒక్కటి తప్ప అన్నీ లోపలివైపుకి తిప్పేసింది. ఆ ఒక్కటీ సరిగ్గా కూర్చునే చోటికి వచ్చింది. తిప్పి వేస్తే అక్కడ గుడ్డ సరిపోలేదు, వేరే దారి లేకపోయింది.

"దాని మీద కూర్చో," అంది. "నువ్వే రాశావు, నువ్వే కప్పిపెట్టు."

వెర్లిన్ కూర్చున్నాడు. ఆ కుర్చీ అతనికి ఎంత పనికొస్తుందో తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొన్న ఆదివారం పాస్టర్ గారూ భార్యా, నేనూ వాళ్ళింట్లో కాఫీకి కూర్చున్నాం. వెర్లిన్ కప్పు ఖాళీ అయింది. అతను కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, కాస్త ముందుకి వంగాడు.

"నేనే లేచి పోసుకోనా, ఆర్డీ?"

ఆర్డిస్ అప్పటికే కాఫీ కూజా పట్టుకుని గది మధ్యలో ఉంది. "కూర్చోవయ్యా, నీకెందుకు శ్రమ," అంది. కాఫీ పోసి, అడక్కుండానే ఇంకో రూబార్బ్ కేకు ముక్క కూడా పళ్ళెంలో పెట్టింది.

పాస్టర్ గారి భార్య మురిసిపోయింది. "ఈ వయసులో కూడా భర్తని ఎంత బాగా చూసుకుంటున్నావు ఆర్డిస్," అంది.

"ఏ వయసులో?" అన్నాడు వెర్లిన్, కేకు నములుతూ.